జైలు కాగితం

నూజివీడులో పంద్రాగస్టు నాడు జెండా విప్పగానే రాలే పూలరేకులు ఎవరు తెస్తారో చాలామందికి తెలియదు. పుష్పవతి తెచ్చేది. రెడ్డిగూడెం వైపు మామిడితోటల మధ్య కూలీల గుడిసెల్లో ఆమె ఉండేది. ఆ రోజు పొద్దున్నే తోట గట్ల వెంట గన్నేరు, నందివర్ధనం కోసి, కొంగులో మూటగట్టుకుని ఊళ్ళోకి నడిచి వచ్చేది. జెండా మడిచే డ్రిల్లు మాస్టారికి ఆ పూలిచ్చి, అందరికంటే వెనక గోడవార నిలబడేది. జెండా విచ్చుకుని రేకులు రాలడం చూసి, పిల్లలకు బిళ్ళలు పంచేలోపే వెళ్ళిపోయేది. ముప్ఫై ఏళ్ళ పైచిలుకు అలాగే జరిగింది.

1987లో, స్వాతంత్య్రానికి నలభై ఏళ్ళు నిండుతున్నాయని ఊరి పెద్దలు ఉత్సవ సంఘం పెట్టారు. "చిన్నరసం మామిళ్ళేనా మన గొప్ప? మనుషులు లేరా?" అని పట్టుబట్టి, ఆనాడు పాటుపడినవాళ్ళ పేర్లు చెక్కించి పార్కులో ఒక రాయి నిలపాలనుకున్నారు. పేర్లు పోగుచేసే పని రిటైరైన ఆ డ్రిల్లు మాస్టారు రామచంద్రరావుగారికి అప్పగించారు. ఆయన ఒకనాడు పుష్పవతి గుడిసె ముందు సైకిలు దిగాడు.

"ఏటేటా పూలు తెస్తావు. ఎందుకని ఒక్కసారీ అడగలేదు. తప్పు నాదేనమ్మా," అన్నాడు.

పుష్పవతి చెప్పింది. నలభై రెండు ఆగస్టులో ఆమెకు పన్నెండేళ్ళు, అన్న బుచ్చయ్యకు పంతొమ్మిది. ఎంత ఎత్తు మామిడిచెట్టయినా కొమ్మ చివరిదాకా పాకి కాయ దింపేవాడు. ఊళ్ళో తాలూకా కచేరీ మీద గాంధీగారి జెండా కట్టాలని కుర్రాళ్ళు పోగయ్యారు. పెంకుల మీదికి ఎక్కడం ఎవరికీ చేతకాలేదు. కట్టెల బండితో అటుగా వచ్చిన బుచ్చయ్యను "నువ్వెక్కగలవా?" అని అడిగారు. ఎక్కాడు, కట్టాడు. దిగేసరికి కింద పోలీసులు తప్ప ఇంకెవరూ లేరు.

"లాఠీదెబ్బలు తిన్నవాణ్ణి ఆ బండి మీదే ఇంటికి తెచ్చారండి. ఎనిమిది రోజులు జ్వరంతో ఒళ్ళు కాలిపోయింది. తొమ్మిదో రోజు పోయాడు. మా అమ్మ దొడ్లో గన్నేరు పూలు కోసి మీద కప్పింది. అందుకని తెస్తానండి."

లోపల నులకమంచం మీద తల్లి రమణమ్మ కదిలింది. ఎనభై దాటిన మనిషి, చూపు పోయి ఆరేళ్ళయింది.

"రాసుకుంటున్నారా బాబూ?"

"రాసుకుంటున్నానమ్మా."

"రాయి మీద కూడా రాస్తారా?"

"రాయిస్తాను."

ఆ ఒక్క మాట పట్టుకుని ముసలామె రెండు నెలలు మురిసిపోయింది.

పంద్రాగస్టు నాడు గుడిసెల్లోని జనమంతా పుష్పవతి వెంట పార్కుకు కదిలారు. రాయి మీద కప్పిన గుడ్డ తీసి, ఒక పెద్దమనిషి మైకులో పేర్లు చదివాడు. పద్నాలుగు పేర్లు. పదిహేనో పేరు కోసం పుష్పవతి ఊపిరి బిగబట్టి నిలబడింది. మైకులో పాట మొదలైంది.

రామచంద్రరావుగారు జనంలోంచి వచ్చి ఆమె ముందు తల దించుకున్నాడు.

"సంఘం ఒప్పుకోలేదమ్మా. జైలుకెళ్ళినట్టు కాగితం ఉన్నవాళ్ళ పేర్లే చెక్కాలన్నారు. పోట్లాడాను. నీకొచ్చి చెప్పడానికి మొహం చెల్లలేదు."

"జైలుకెళ్ళేదాకా బతకనిచ్చారా అండీ?" అంది పుష్పవతి.

గొంతు పెంచలేదు. నిజంగానే తెలియక అడిగినట్టు అడిగింది. వెంట వచ్చిన ఆడవాళ్ళతో ఇంటిదారి పట్టింది.

రమణమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. అడుగుల చప్పుడుకే మొహం ఎత్తింది.

"రాశారా?"

ఆ మొహం చూసి పుష్పవతి, "రాశారమ్మా," అంది.

"ఎన్నో పేరు?"

"మొదటిదే."

మర్నాటి నుంచి ఒకటే పోరు, తీసుకెళ్ళమని. కళ్ళు లేకపోతేనేం, చేత్తో చూస్తానంది. వాన పడుతోందంది పుష్పవతి, నాట్లున్నాయంది. నాలుగో రోజు ముసలామె అన్నం ముందు పెట్టుకుని ముద్ద ఎత్తకుండా కూర్చుంది. ఇక గత్యంతరం లేక పుష్పవతి రిక్షా పిలిచింది.

మిట్టమధ్యాహ్నం పార్కులో ఎవరూ లేరు. వాన వెలిసి ఎండ మండిపోతోంది. పుష్పవతి తల్లి చెయ్యి పట్టుకుని మొదటి వరస మీద పెట్టింది. అది ఎవరో ప్లీడరుగారి పేరు. మూడు నెలలు జైల్లో ఉన్నాడట, మంచివాడని చెప్పుకుంటారు. రమణమ్మ వేళ్ళు ఒక్కొక్క అక్షరం లోతు తడుముకుంటూ పోయాయి. పోయి పోయి, అనుమానంగా ఆగాయి.

"మన బుచ్చిగాడి పేరు ఇంత పొడుగా?"

"ఇంటిపేరుతో కలిపి రాశారమ్మా."

"మనకీ ఇంటిపేరుందని వాళ్ళకెవరు చెప్పారే?"

"మాస్టారు అడిగారుగా, నేనే చెప్పాను."

రమణమ్మ మొహం విప్పారింది. ఆమె పుట్టి బుద్ధెరిగాక ఆ ఇంటివాళ్ళను ఇంటిపేరుతో పిలిచినవాళ్ళు లేరు. వంగి చెంప రాయికి ఆనించింది, ఉలిక్కిపడి వెనక్కి తీసింది.

"వీడి ఒళ్ళు కాలిపోతోందే. నీళ్ళు తేవే."

పుష్పవతి పార్కు కుళాయి దగ్గర, ఎండకు తల మీద వేసుకున్న తువ్వాలు తడిపి తెచ్చింది. ముసలామె ఆ తడిగుడ్డ తీసుకుని, జ్వరం వచ్చిన పిల్లాడి నుదురు తుడిచినట్టు, ఆ పరాయి పేరును నెమ్మదిగా తుడుస్తూ కూర్చుంది. ఏదో గొణుక్కుంటోంది. ఏమంటోందో పుష్పవతి వినలేకపోయింది. చెట్టు చాటుకు వెళ్ళి నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

రమణమ్మ కార్తీకంలో పోయింది. పోయేదాకా, గుమ్మం తొక్కిన ప్రతివాళ్ళకూ కొడుకు పేరు రాయి మీద ఎంత పొడుగుందో చెయ్యి చాపి చూపించేది. గుడిసెల్లో అందరికీ నిజం తెలుసు. చిన్నపిల్లలు సైతం ఎవరూ నోరు జారలేదు.

మరుసటి ఏడు పంద్రాగస్టుకు పుష్పవతి ఊళ్ళోకి వెళ్ళలేదు, నాట్లకు వెళ్ళింది. తల్లితో అబద్ధమాడానన్న బాధ ఆమెకు లేదు. ఆ అబద్ధాన్ని నిజం చేస్తే సంఘం వాళ్ళ సొమ్మేం పోయేదన్న మాట ఒక్కటే, మోకాలి లోతు బురదలో వంగి మొక్క గుచ్చుతున్నంతసేపూ లోపల కెలుకుతూనే ఉంది.