ఫిట్టరు ఎక్కినాడా?

విమానం మీనంబాకం రన్‌వే చివరికి పోయి, తిరిగి, కాసేపు కదలకుండా నిలబడింది. సందర్శకుల గ్యాలరీ కమ్మీ పట్టుకుని నాయన కళ్ళు మూసుకున్నాడు. ప్రార్థన చేస్తున్నాడనుకుని పక్కనున్నావిడ కూడా చేతులు జోడించింది. ఆయన చేస్తున్నది ప్రార్థన కాదు, వింటున్నాడు. ఇంజన్ల హోరు ఒక్కసారిగా పెరిగింది. ఆ పెద్ద విమానం మా ముందు నుంచి దూసుకుపోయి, ముక్కు పైకెత్తి, నేల విడిచింది. లోపల మా అక్క ఉంది.

"మూడు ఇంజన్లూ ఒకే తీరుగా ఉండాయి రా!" అని నాయన నా వీపు మీద చరిచాడు. నేను చెయ్యి ఊపుతూనే ఉన్నాను, విమానం చుక్కంతయి మాయమయ్యాక కూడా.

అంతకు గంట ముందు, అక్క పెట్టెలున్న తోపుడుబండి చక్రాల కింద నాయన నిమ్మకాయలు పెట్టాడు. ఇదేంటని తమిళంలో అరుస్తూ కాపలా మనిషి పరుగెత్తుకొచ్చాడు. "ఎన్నయ్యా ఇదు?"

"విమానం కాడికి మమ్మల్ని పోనీరు గదా సార్. అందుకే దీనికి పెట్నాను," అన్నాడు నాయన. ఆ మనిషి నవ్వాపుకోలేక తనే బండిని తోశాడు. నాలుగు కాయలూ చితికాయి.

ఈ హడావుడి అర్థం కావాలంటే రెండు నెలలు వెనక్కి పోవాలి. అది డెబ్బైల చివర ఒక వేసవి. అదే రకం విమానం ఒకటి అమెరికాలో కూలిపోయింది. ఆ రకం విమానాలన్నిటినీ నేల మీదే నిలిపేశారు. నేను మద్రాసులో ఒక దినపత్రికలో పనిచేసేవాణ్ణి, రోజూ తిరుత్తణి నుంచి రైల్లో వెళ్ళి వచ్చేవాణ్ణి. టెలిప్రింటర్ మీద వచ్చిన ఆ వార్తలు కొన్ని నా బల్ల మీదికే వచ్చాయి. కొన్ని వారాలకు తనిఖీలు ముగిసి, విమానాలు మళ్ళీ ఎగరొచ్చని అనుమతి వచ్చింది. సరిగ్గా అప్పుడే తిరువళ్ళూరు ఆసుపత్రిలో నర్సుగా ఉన్న అక్కకు సింగపూర్ నుంచి ఉద్యోగమూ టిక్కెట్టూ వచ్చాయి. టిక్కెట్టు ఆ రకం విమానానికే. చెప్పిన రోజుకు చేరకపోతే ఉద్యోగం జాబితాలో తరవాతి మనిషికి పోతుంది.

నాయన తిరుత్తణిలో ఒక ప్రైవేటు బస్సుల షెడ్డులో ఫిట్టరు. ఆ షెడ్డులో ఒక కట్టుబాటు ఉండేది. దెబ్బ తిన్న బస్సు బాగై మళ్ళీ రూట్లోకి వచ్చే రోజు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ముందు కర్పూరం వెలిగిస్తారు. మొదటి ట్రిప్పులో దాన్ని బాగుచేసిన ఫిట్టరు ఇంజన్ పక్కన కూర్చోవాలి. జనం కిటికీలోంచి ఆయన్ని చూసుకుని మరీ ఎక్కేవాళ్ళు. అందుకే టిక్కెట్టు చూపించగానే నాయన అడిగింది ఒక్కటే.

"ఫిట్టరు ఎక్కినాడా?"

దానికి జవాబు కోసం నేను వారం రోజులు టెలిప్రింటర్ కాగితాలు తిరగేశాను. చివరికి ఒక వార్త దొరికింది. మళ్ళీ ఎగిరిన తొలి విమానాల్లో ఒకదానిలో విమాన సంస్థ పెద్ద స్వయంగా ప్రయాణించాడట. ఆ కాగితం జేబులో పెట్టుకుని స్టేషన్ నుంచి ఇంటికి దాదాపు పరుగెత్తాను.

ఎక్కింది యజమాని అని విని నాయన పెదవి విరిచాడు. "మొదలాళి ఎక్కితే ఏమొచ్చె? మొదలాళికి నట్టు తెలుసునా, బోల్టు తెలుసునా?"

అక్క అన్నం వడ్డిస్తోంది. గరిటె పక్కన పెట్టి అంది. "నాయనా, పొదటూరుపేట బస్సు కాలవలో పడి బాగైనాక మొదటి ట్రిప్పులో ఎవరెక్కినారు?"

"నువ్వే. ఇస్కూలు సంచి తగిలించుకోని, ఇంజన్ కాడ నా పక్కన. నిన్ను చూసినాకనే కదా మిగతా జనం ఎక్కింది."

"ఆ పొద్దు నీకు భయం లేకపోయెనా?"

నాయన అన్నం కలుపుతూనే చెప్పాడు. "లేకేం పాపా. ఫిట్టరు ఎక్కేది ధైర్యం చెప్పేదానికని జనం అనుకుంటారు. అది గాదు. శబ్దం వినేదానికి. షెడ్డులో వినపడనిది రోడ్డు మీద వినపడతాది."

"అట్లయితే నేను వింటాలే," అంది అక్క. "నీ బిడ్డనే గదా. ఏం వినల్లో చెప్పు."

మరుసటి ఆదివారం నాయన అక్కను షెడ్డుకు తీసుకుపోయాడు. ఆర్.కె.పేట బస్సు ఇంజన్ నడిపించి, ఒక నట్టు వదులు చేసి, బిగించి, మళ్ళీ వదులు చేసి వినిపించాడు. డ్రైవర్లు చుట్టూ చేరారు. "అన్నా, పాపను నర్సుగా పంపిస్తా ఉండావా, మెకానిక్కుగానా?" అని ఒకడు అరిచాడు. అక్క కళ్ళు మూసుకుని వేలెత్తి చూపింది. "ఇప్పుడు వదులు." నాలుగుసార్లలో మూడుసార్లు సరిగ్గా చెప్పింది. నాయన చేతుల మసి తుడుచుకుంటూ, "సరే, పో," అన్నాడు.

అక్క విమానం ఎక్కిన మర్నాడు తంతి వచ్చింది. మా ఇంట్లో అంతవరకూ తంతి అంటే చావు కబురే, ఏడుపే. పోస్టుమాన్ కవరు చింపి తనే చదివి, మొహం వింతగా పెట్టాడు. "చేరాను. శబ్దం బాగుంది." ఇదేమి సమాచారం అని ఆయన అడిగేలోపు నాయన ఆ కాగితం లాక్కుని షెడ్డు వైపు నడిచాడు, చెప్పులు కూడా వేసుకోకుండా. సాయంత్రానికి షెడ్డులో అందరికీ టీ, బజ్జీ.

రాత్రి భోజనాల దగ్గర ఆయనకు కొత్త అనుమానం వచ్చింది. షెడ్డులో ఒక పాత బస్సు ఉండేది. దాన్ని చేసిన కంపెనీ మూతబడి ఏళ్ళయింది. చిన్న బేరింగు కావాలన్నా మద్రాసు పాత ఇనుము అంగళ్ళలో వెతకాలి. "రేయ్, ఆ విమానం చేసే కంపెనీ ఇంకా చేస్తాదా? లేకుంటే స్పేర్లు యాడ దొరుకుతాయి?"

మర్నాడు మళ్ళీ టెలిప్రింటర్ ముందు నిలబడ్డాను. కొత్త ఆర్డర్లు తగ్గుతున్నాయని ఉంది. ఆ రకాన్ని ఇంకెన్నాళ్ళు తయారుచేస్తారో కంపెనీ ఇంకా చెప్పలేదని ఉంది. అక్క ఒప్పందం రెండేళ్ళు. తిరిగి రావాల్సింది కూడా ఆ రకం విమానంలోనే. అప్పటికి స్పేర్లు దొరుకుతాయో లేదో ఏ కాగితంలోనూ లేదు.