వణికే చేతిలో కెమెరా

పాతికేళ్ళు పెళ్ళి వీడియోలు తీసిన చెయ్యి వణకడం మొదలెట్టగానే పిలిచే దిక్కులేక, వీడియోగ్రాఫర్ కెమెరాను అటకెక్కించాడు. కూతురు దాన్ని దింపించింది. ఆమె చిల్లర డబ్బులతో తీసే రక్తపిశాచి సినిమా మొత్తం, ప్రాణభయంతో పారిపోయేవాడు తీసినట్టే ఉండాలట. పిశాచి వేషం అతని భార్యదే. మూతినిండా బీట్‌రూట్ రసం.

ఆమె కోరలతో మీదికి రాగానే అతను అలవాటుకొద్దీ గోడకు ఆనుకుని, ఊపిరి బిగబట్టి తీశాడు. బొమ్మ కదిలితే ఒట్టు!

కూతురు తల పట్టుకుంది. "పిశాచి మీదపడుతుంటే ఎవరైనా గోడకు ఆనుకుంటారా నాన్నా? చేతిని వణకనియ్యి!"

అతను గోడ వదిలేశాడు. తీసింది చూసుకుని తనే జడుసుకున్నాడు.

"అయితే వణుకు మందు మానెయ్యనా?" అన్నాడు హుషారుగా.

"మానేసి చూడు, నిజంగానే కొరుకుతా," అంది పిశాచి, మూతి తుడుచుకుంటూ.