మైనింగ్ కార్డుతో నడిచిన బస్సు

చౌడప్ప రిటైరైన రోజున డిపోలో మెడనిండా పూలదండలు వేసి, చేతికి మైకిచ్చి రెండు మాటలు చెప్పమన్నారు. ఆయన ఒక్క మాటే చెప్పాడు.

"ఇంగ ఈ జన్మలో స్టీరింగ్ ముట్టను."

అందరూ చప్పట్లు కొట్టారు. నమ్మదగిన మాటే. కేజీఎఫ్ నుంచి ముళబాగిలు మీదుగా నంగలి దాకా, అక్కడి నుంచి మళ్ళీ వెనక్కి, సర్వీసులో ముప్పాతిక భాగం ఆ ఒక్క రోడ్డే తినేసింది. దారిలో గుంతలతో ఆయనకు చుట్టరికం కలిసింది. నడుము అరిగింది, మోకాళ్ళు అరిగాయి, క్లచ్ తొక్కి తొక్కి ఎడమకాలు కుడికాలి కంటే కొంచెం లావెక్కింది. అలాంటి మనిషి స్టీరింగ్ వద్దనడంలో వింతేముంది?

వింత ఏమిటంటే, ఆ శపథం ఆ ఏడు రాగి కోతల దాకా కూడా నిలబడలేదు.

చౌడప్పది బేతమంగళ దగ్గర రైతు కుటుంబం. భార్య చిక్కమ్మ గని కార్మికుడి కూతురు. ఆమె తాత చిత్తూరు వైపు పల్లె నుంచి బంగారం తవ్వడానికి వచ్చినవాడు. తవ్విన బంగారంలో ఇంటికి చేరింది లేదు గానీ, కుటుంబం మాత్రం ఇక్కడే స్థిరపడింది. కేజీఎఫ్‌లోని ఆండర్సన్‌పేటలో వాళ్ళకు చిన్న ఇల్లు. ఒక్కతే కూతురు అర్పిత. పొద్దున రైలెక్కి మాలూరులో ఒక ఫ్యాక్టరీ ఆఫీసుకు పోయి, చీకటి పడేవేళకు ఇల్లు చేరుతుంది.

రిటైరైన చౌడప్ప ఇంట్లో కుదురుగా కూర్చోలేకపోయాడు. తెల్లవారకుండానే లేచి, మొదటి ట్రిప్పు బస్సు వెళ్ళే చప్పుడు విని "లేటు" అనేవాడు. వసారాలో నిలబడి, పోయే ఆటోవాళ్ళను సరిగా పొమ్మని తిట్టేవాడు. రోడ్డు ఖాళీగా ఉంటే వంటింట్లోకి వచ్చి, సంగటి గెలికేది అట్ల కాదని చిక్కమ్మకు చెప్పేవాడు. ఆమె ఓపిక పట్టి పట్టి, ఒక ఆదివారం కూతురితో అంది.

"తల్లీ, మీ నాయన్ను యాడన్నా కట్టెయ్యి. లేకుంటే నేనే నంగలి బస్సెక్కి పోతాను."

అర్పిత గదిలో ఒక కంప్యూటరు ఉంది. ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు చదువుకని కొనిపించింది. లోపల ఎర్రగా, నీలంగా వెలిగే దీపాలు లేకపోతే ఇంజనీరింగ్ బుర్రకెక్కదని నాన్నను నమ్మించింది. ఆ దీపాల వెలుగులో ఆమె నాలుగేళ్ళు తుపాకులు కాల్చింది, కార్లు గుద్దించింది, మధ్యమధ్య పరీక్షలు కూడా రాసింది. తలుపు తోసి చూసినప్పుడల్లా చౌడప్ప "బొమ్మలాటకా ఇంత దుడ్డు పోసినాను?" అని అరిచేవాడు. ఉద్యోగం వచ్చాక ఆమెకు ఆడే తీరిక పోయింది. కంప్యూటరు మీద పాత చీర కప్పి ఉంది.

ఆ చీర తీసి అర్పిత ఒక బస్సు ఆట పెట్టింది. ఎవరో కుర్రాళ్ళు మన ప్రభుత్వ బస్సునే అచ్చంగా గీసి అందులో ఎక్కించారు. అదే ఎర్ర రంగు, అదే హారను.

"క్లచ్ యాడ ఉండాది?" అన్నాడు చౌడప్ప ఎగతాళిగా.

"ఈ బటన్, నాయనా."

"బటన్ నొక్కితే క్లచ్చా! దీన్ని తోలడం అంటారా ఎవురన్నా?" అంటూ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. చిక్కమ్మ అన్నానికి పిలిచింది. మళ్ళీ పిలిచింది. సంగటి గట్టిపడింది.

ఆ రోజు నుంచి ఆయనకు డ్యూటీ మళ్ళీ మొదలైంది. పురుగు కూడా లేని రోడ్డు మీద ఇండికేటర్ వేసేవాడు. ఆటలో ఒక ముసలమ్మ స్టాపుకు మెల్లగా నడిచి వస్తుంటే, ఆమె ఎక్కేదాకా బస్సు కదిలించేవాడు కాదు. చివర్లో ఆట ఆయనకు మార్కులు తగ్గించి "ఆలస్యం" అని ఎర్ర అక్షరాలు చూపించేది.

"మా డిపో మేనేజరు అనిన మాటే ఇదీ అంటాండాది. భలే చేసినారు ఆటను" అని మురిసిపోయేవాడు.

ఇలా సాగుతుండగా ఆ కుర్రాళ్ళే ఒక కొత్త దారి తయారు చేశారు. కొండదారి, మలుపులు, పైన వాన. డబ్బు కట్టక్కర్లేదంటే అర్పిత దాన్ని కంప్యూటర్లోకి దించింది. అక్కడి నుంచి కష్టాలు మొదలయ్యాయి. కంప్యూటరు మూలిగింది. బస్సు ముందు పోయేది, రోడ్డు వెనక వచ్చేది. ఎక్కిన ప్రయాణికులకు తలలు రావడానికి రెండు స్టాపులు పట్టేది. వాన చుక్కలు గాలిలో ఆగి, ఆలోచించుకుని, మళ్ళీ పడేవి.

చౌడప్ప దీనికి తన వైద్యం తాను చేశాడు. కూతురు మాలూరు పోయాక పక్క రేకు విప్పి, దుమ్మంతా దులిపి, తిరగడానికి మొరాయిస్తున్న ఫ్యానుకు కుట్టుమిషను నూనె వేశాడు. ఒక చుక్క వేస్తే సరిపోయేది. ఆయన బస్సు మనిషి, చుక్కలతో పని చేసిన అలవాటు లేదు. ఫ్యాను హాయిగా తిరిగింది, తిరుగుతూ నూనెనంతా లోపల అభిషేకం చేసింది.

సాయంత్రం అర్పిత తల పట్టుకుంది. "నాయనా, ఇది బస్సు కాదు!"

"తిరిగేదేదైనా బస్సే" అన్నాడు గానీ, గొంతులో బలం లేదు.

తుడవగా తుడవగా కంప్యూటరు బతికింది. కానీ ముందే ముసలిది, ఇప్పుడు మంచం పట్టింది. మొత్తం కొత్తది కొనుక్కోవడమే మేలని అర్పిత అంది. చౌడప్ప ఒప్పుకోలేదు.

"నాకు ఎప్పుడన్నా కొత్త బస్సు ఇచ్చినారా? ఉండే బస్సుకే టైరు మార్చి, ఇంజను మార్చి తోలినాను. దీనికీ అదే చేస్తాం."

ఇంట్లో అందుబాటులో ఉన్న డబ్బు చిక్కమ్మ చీటీ డబ్బు ఒక్కటే. అది పిండి రుబ్బే గ్రైండరు కోసం పెట్టింది. రోజంతా మనిషి వంటింట్లోకి రాకుండా ఉండడం గొప్పా, గ్రైండరు గొప్పా అని ఆమె తనలో తాను తూచుకుంది. చివరికి సరేనంది. ఒకటే షరతు, కొట్టుకు తానూ వస్తుంది.

రాబర్ట్‌సన్‌పేట మార్కెట్ పక్క సందులో హేమంత్ అనే అతని కంప్యూటర్ల కొట్టు. సంగతంతా విని, బొమ్మలు నడిపించే గ్రాఫిక్స్ కార్డు మారిస్తే చాలన్నాడు. కొత్త కార్డు ధర చెప్పాడు. చౌడప్ప కుర్చీలో సర్దుకున్నాడు. చిక్కమ్మ కుర్చీలోంచి లేచింది.

"కుచ్చోమ్మా, కుచ్చో. సెకండ్ హ్యాండ్‌లో ఒకటి ఉండాది. బెంగళూరు సరుకు. దాపరికం లేకుండా చెప్తాను, అది మైనింగ్‌లో పనిచేసింది."

చిక్కమ్మ మళ్ళీ కూర్చుంది. "ఏ గనిలో?"

"ఏమ్మా?"

"చాంపియన్ రీఫా, మారికుప్పమా? గనులు మూసి ఇరవై ఏండ్లు దాటె గదప్పా. ఇది యాడ పనిచేసింది?"

హేమంత్ నవ్వు ఆపుకున్నాడు. "ఆ మైనింగ్ కాదమ్మా. ఇట్లాంటి కార్డులు వరసగా పెట్టి రాత్రీ పగలూ లెక్కలు చేయిస్తారు. లెక్క కుదిరితే దుడ్డు పుడతాది. చేతికి దొరికే దుడ్డు కాదు, కంప్యూటర్లోనే ఉండే దుడ్డు."

"రాత్రీ పగలూనా? షిఫ్టు మారేది లేదా?"

"లేదమ్మా."

"దుమ్ము?"

హేమంత్ గొంతు కొంచెం తగ్గింది. "ఉంటాది."

"దుడ్డు దొరికిందా?"

"దొరికిందంట, ఓనరుకు."

చిక్కమ్మ ఆ కార్డును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. ఆమె తండ్రి పనిచేసింది భూమి లోపల. పైకి వచ్చాక పెన్షను తక్కువ, దగ్గు ఎక్కువ. ఆ దగ్గు వింటూనే ఆమె పెరిగింది, ఆ దగ్గు ఆగిన రోజే ఇంట్లో అందరూ ఏడ్చారు.

"మా నాయన కతే ఇది" అంది మెల్లగా. మరుక్షణం గొంతు మార్చింది. "గనిలోంచి వచ్చినోడికి ఊపిరి ఎంత మిగిలిందో చూడకుండా మా గని కూలీల లైన్లలో ఎవురూ పిల్లనిచ్చేవాళ్ళు కాదు. దీన్ని నా ముందర పరిగెత్తించు."

హేమంత్ కార్డును తన కంప్యూటరుకు తగిలించి పరీక్ష పెట్టాడు. చిక్కమ్మ దానికి దగ్గరగా చెవి పెట్టి వింది.

"గుర్రుమంటాండాది."

"అది ఫ్యానమ్మా."

"మా నాయన కూడా దగ్గినప్పుడు 'ఏమీ లేదు, చలికి' అనేవాడు."

గుర్రుమన్నప్పుడల్లా ఆమె హేమంత్ మొహంలోకి చూసింది. చూసినప్పుడల్లా ధర ఒక మెట్టు దిగింది. చౌడప్ప నోరు మెదపలేదు. తన టిక్కెట్టు తనకు దొరుకుతున్నప్పుడు కండక్టరుతో మాట్లాడకూడదని ఆయనకు తెలుసు.

కార్డు ఇల్లు చేరింది. పెట్టెలో పట్టలేదు, జానెడు కంటే పొడుగు. డిపో మెకానిక్ నంజుండప్ప రంపం పట్టుకుని వచ్చి, పెట్టె లోపలి రేకు కోసి చోటు చేశాడు. కార్డు కూర్చుంది. స్విచ్చి వేస్తే దీపాలు ఒక్కసారి వెలిగి ఆరిపోయాయి. కరెంటు పంచే డబ్బాకు ఈ కార్డును మోసే సత్తువ లేదని అర్పిత తేల్చింది. మూతపడిన ఒక బ్రౌజింగ్ సెంటరు నుంచి పెద్ద డబ్బా తెచ్చారు. దాన్ని పెట్టాక పక్క రేకు మూత పడలేదు. ఎలుకలు దూరతాయని చిక్కమ్మ దోమతెర ముక్క కోసి కట్టింది. నూనెలో తడిసి పాడైన ర్యామ్ బదులు ఇంకొకటి పడింది. గోచిగుడ్డ కాపాడుకోవడానికి పిల్లిని, పిల్లికి పాలకోసం ఆవును తెచ్చుకున్న సన్యాసి కథలాగా, చీటీ డబ్బు చివరి నోటు దాకా సంసారం చేసింది.

కానీ ఏమాటకామాటే చెప్పాలి, ఆట తిరిగింది. ఎంత బాగా తిరిగిందంటే, ప్రయాణికులకు తలలే కాదు, ముక్కుపుడకలు కూడా వచ్చాయి. అద్దం మీద వాన జారింది. కొండ అంచున లోయ, లోయలో పొగమంచు. చౌడప్ప కళ్ళు చెమర్చాయి.

"చూడే, చూడే! రోడ్డంటే ఇదే గదా!"

మూడో మలుపు దగ్గర ఆయనకు వికారంతో నోట్లో నీళ్ళూరాయి. నాలుగో మలుపులో బస్సు ఆపకుండానే లేచి పెరట్లోకి పరిగెత్తాడు.

పొద్దున తిన్న అనపగింజల పులుసు మీదికి నేరం నెట్టాడు. మరునాడు మజ్జిగన్నంతో బయలుదేరాడు, అదే మలుపు, అదే పెరడు. ఏమీ తినకుండా కూర్చున్నా కళ్ళు తిరిగాయి. ముప్పై ఏళ్ళ పైబడి వేలమంది వాంతులు చేసుకుంటుంటే వెనక్కి కూడా తిరిగి చూడని మనిషి, కదలని కుర్చీలో కూర్చుని నిమ్మకాయ వాసన చూస్తున్నాడు.

అర్పిత ఫోనులో వెతికి చెప్పింది. "కండ్లు పోతాండామంటాయి, ఒళ్ళు కూర్చున్నామంటాది. అందుకే తిప్పుతాది నాయనా. నిజంగా బండ్లు తోలినోళ్ళకే జాస్తి అంట."

"అనుభవం ఉండేవాడికే వాంతి అయితే ఇంగ అనుభవం ఎందుకే?"

"బొమ్మ తగ్గిస్తాను. వాన, మంచు తీసేస్తే సరిపోతాది."

"తీసేస్తావా? దుడ్డు పెట్టి కొన్న వాన అది!" అని చౌడప్ప ఒప్పుకోలేదు.

కంప్యూటరు మీద మళ్ళీ చీర పడింది. చౌడప్ప మళ్ళీ వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. రెండు నష్టాలూ ఒకేసారి చూడాల్సి వచ్చేసరికి చిక్కమ్మకు ఒళ్ళు మండింది. గ్రైండరు కావలసిన డబ్బు అక్కడ ముసుగేసుకుని కూర్చుంది, మొగుడు ఇక్కడ నిలబడి ఉల్లిపాయలు లెక్కపెడుతున్నాడు. ఒక మధ్యాహ్నం చేతులు కొంగుకు తుడుచుకుని నేరుగా వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంది.

"ఏ బటన్ నొక్కితే పోతాది?"

పెళ్ళైన కొత్తలో ఆమెను తన బస్సులో ఎక్కించుకుంటే ముళబాగిలు చేరేలోపల వాంతులకని మూడు చోట్ల ఆపించింది. అందుకని చౌడప్ప ముందుజాగ్రత్తగా నిమ్మకాయ తెచ్చి పక్కన పెట్టాడు. చిక్కమ్మ దాని వైపు కూడా చూడలేదు. ఒక కరెంటు స్తంభాన్ని గుద్దింది, ఒక టీ అంగడిలోకి దూరి బయటికొచ్చింది, మూడో మలుపూ నాలుగో మలుపూ దాటి కొండెక్కేసింది.

"ఏమే, తల తిరగలేదా?"

"ఎందుకు తిరుగుతాది? కుర్చీలోనే గదా కుచ్చోనుండాను."

ఇప్పుడు ఇంటి పనయ్యాక మధ్యాహ్నం బస్సు చిక్కమ్మది. చౌడప్ప తెరకు వీపు పెట్టి, గోడ వైపు తిరిగి కూర్చుంటాడు. అలా అయితే కళ్ళు తిరగవు. ఇంజను చప్పుడు విని గేరు చెబుతుంటాడు. ఆదివారం అర్పిత తన కంప్యూటరు తనకు ఒక గంట కావాలంటే, జనం ఎక్కి ఉన్నారు, మధ్యలో దించకూడదని తల్లి జవాబిచ్చింది.

మొన్న ఆయన పాత కండక్టరు కదిరప్ప చూడడానికి వచ్చాడు. గదిలో హారను విని తొంగిచూశాడు.

"ఏమన్నా, ఇంట్లో డ్యూటీనా?"

"నాది కాదప్పా, ఆమెది. సెకండ్ వెయ్యే, సెకండ్! ఇంజను ఏడుస్తాండాది వినపడలేదా? అది కాదు కదిరప్పా, పోయిన వారం మన డిపోలో..."

చిక్కమ్మ తెర మీది నుంచి చూపు తిప్పలేదు.

"మాటలుంటే దిగి మాట్లాడుకోండప్పా. డ్రైవరు దగ్గర మాట్లాడకూడదని మీ బస్సుల్లోనే బోర్డు రాసింటారు."

ఇద్దరూ లేచి వసారాలోకి వచ్చి కూర్చున్నారు. బయట ఆటో ఒకటి తప్పుడు వైపు నుంచి పోతోంది.