తాళం ఎవరి పేరున ఉంది

గ్వాయాకిల్ ఊళ్లో, గ్వాస్మో పేటలో నార్డేలియా కిమీ టీవీలు, కెమెరాలు, వైఫై పెట్టెలు బాగుచేస్తుంది. పాడైనవి విప్పి విప్పి నేర్చుకున్న పని. ఆమె చెంప మీది కత్తి గాటు ఆరియా ఇంట్లో పడింది. ఆ రోజు నిచ్చెన పట్టుకున్నది ఆమె దగ్గర పని నేర్చుకుంటున్న నేను.

తన్నులు పడలేక ఆరియా తన మొగుణ్ణి వెళ్లగొట్టింది. వెళ్లినా ఎల్విన్ గోడ మీది కెమెరాలోంచి మాట్లాడేవాడు.

"ఆ నీలం గౌను ఎవడి కోసమే?" అని, కెమెరా తియ్యడానికి వెళ్లిన మేముండగానే అడిగాడు.

"నీ శవం వెనక నడవడానికి," అంది ఆరియా.

నార్డేలియా కెమెరా వైరు పీకేసింది. తర్వాత ఆ ఇంటి వైఫైకి ఏమేం తగులుకుని ఉన్నాయో తన ఫోన్‌లో చూసింది. టీవీ ఉంది, ఆరియా ఫోన్ ఉంది. ఇంకోటి కూడా ఉంది.

"కొత్తగా ఏం కొన్నావమ్మాయ్?"

"తలుపు తాళం, అక్కా. ఫోన్‌తో తెరుచుకునేది. వాడు రాకూడదని."

"ఏ ఖాతాలో కలిపావు?"

"కెమెరా ఉన్నదాంట్లోనే. ఇంకోటి తెరవడం నాకేం తెలుసు?"

ఆ ఖాతా ఎల్విన్ తెరిచింది. అంటే తాళం వాడి ఫోన్‌కీ తెరుచుకుంటుంది. కెమెరా ఆగగానే వాడు వీధి చివరి నుంచి పరుగెత్తుకొచ్చాడు. నార్డేలియా మళ్లీ నోరు తెరిచేలోగా తాళంలో మర తిరిగింది.

తలుపు సందులోంచి ముందు కత్తి వచ్చింది, దాని వెనక చెయ్యి. మొదటి వేటుకే నార్డేలియా చెంప చీలింది. ఆమె వెనక్కి తగ్గలేదు. ఒంటి బరువంతా తలుపు మీద వేసింది. నేనూ వేశాను. ఎముక విరిగిన చప్పుడైంది, కత్తి కిందపడింది. ఆరియా అరటికాయలు దంచే రోకలి తెచ్చి అదే చేతి మీద కొట్టింది. మళ్లీ కొట్టింది.

కేకలు విని వీధి జనం వచ్చి వాణ్ణి బయటికి ఈడ్చి తన్నారు. ఒకడు పెట్రోలు సీసా తెచ్చాడు.

"ఆగండి. ఆ ఖాతాలో వీడి తమ్ముళ్లూ ఉన్నారేమో. వీడు చస్తే తాళం వాళ్ల చేతికి పోతుంది," అంది నార్డేలియా.

"త్వరగా కానివ్వు వదినా, పెట్రోలు ఆవిరైపోతోంది."

నెత్తురైనా తుడుచుకోకుండా ఆమె వాడి గుండెల మీద మోకాలు పెట్టి, జేబులోంచి ఫోన్ లాగి, విరిగిన చేతి బొటనవేలు దానికి నొక్కింది. వాడు ఊళపెట్టాడు. ముందు ఖాతాలోంచి కెమెరా తీసేసింది. తాళాన్నీ అందులోంచి తీసెయ్యబోతే ఫోన్ మళ్లీ వేలిముద్ర అడిగింది. మళ్లీ నొక్కింది. తర్వాత ఆరియా ఫోన్‌లో తాళానికి కొత్త ఖాతా తెరిచి ఆమె చేతికిచ్చింది.

"ఇప్పుడు నీ పేరు కొట్టు, అమ్మాయ్."

ఆరియా తన పేరు కొట్టింది. ఇంట్లోకి వెళ్లి తలుపు మూసింది. తాళం పడింది.

అప్పటికే పోలీసు బండి వీధిలోకి వచ్చింది. వాళ్లు ఎల్విన్‌ను ఎక్కించుకుని, వాంగ్మూలం కోసం ఎంత పిలిచినా ఆరియా చాలాసేపు తలుపు తియ్యలేదు.