రెండో సీసా

మా రసాయనశాస్త్రం మాస్టారు పోయారన్న కబురు బందరుకు పడవ మీద వచ్చింది. దివిసీమలో సముద్రపు పాయ ఒడ్డునున్న ఒక చిన్న పల్లెలో జ్వరంతో పడుకుని, అక్కడే కన్నుమూశారట. ఆ పల్లెలో ఆయనకు బంధువులు లేరు. అక్కడికెందుకు వెళ్లేవారో తెలిసినవాళ్లు కూడా తక్కువ. అది చెప్పడమే నేను చేయగల నివాళి.

నల్లబల్ల మీద తాను రాసింది తప్పని తేలితే ఆయన తుడిచేసేవారు కాదు. తప్పు కనబడేలా దానిపై ఒక గీత గీసి, పక్కన సరైనది రాసేవారు. ‘తెలుసు’ అనవలసిన చోటా ‘అనుకుంటున్నాను’ అనవలసిన చోటా కాసేపు ఆగి, ఏ మాట వాడాలో తేల్చుకునేవారు.

నేను ప్రయోగశాలలో ఆయన కింద సహాయకుడిగా చేరిన కొత్తలో, ఆ పల్లెనుంచి వచ్చి తమ వీధిలో ఎండుచేపలు అమ్మే ఒకావిడను కాలేజీకి వెంటబెట్టుకొచ్చారు. ఆమె కొడుకు పాయలో మునిగిపోయాడు. శవం దొరకలేదు. తరువాత మడచెట్ల నడుమ, బురద మీద, సందెవేళ నీలిమంట కనబడసాగింది. పల్లెవాళ్లు దాన్ని కొరివిదెయ్యమన్నారు. ఆమె మాత్రం కొడుకే అనుకుని దాని వెంట ఊబిలోకి నడిచేది. అప్పటికే ఒకసారి తాడేసి లాగారు. మళ్లీ వెళితే దక్కదని అందరికీ తెలుసు.

మాస్టారు ఆ బురదను కలియబెట్టి, పైకొచ్చిన బుడగలను నీళ్లలో బోర్లించిన రెండు సీసాల్లో పట్టి తెచ్చారు. కిటికీలు మూయించి, ఒక సీసా మూతి దగ్గర అగ్గిపుల్ల గీశారు. నీలిమంట లేచి ఆరిపోయింది.

“చూశావా అమ్మా? కుళ్లిన ఆకుల్లోంచి పుట్టే గాలి ఇది. మీవాడు కాదు.”

ఆమె సీసాను చాలాసేపు చూసింది. “ఇక్కడ మీరు గీశారు బాబూ. అక్కడ అగ్గిపుల్ల ఎవురు గీస్తన్నారు?”

పక్కనున్న లెక్కల మాస్టారు గొంతు తగ్గించి అన్నారు: “ఎండవేడికి అంటుకుంటుందని చెప్పెయ్యండి మహానుభావా! ఆవిడేమన్నా పరీక్ష రాయాలా? ప్రాణం నిలుస్తుంది.”

మాస్టారు కాసేపు ఆగారు. “తెలియదమ్మా,” అన్నారు.

ఆమె కూర్చున్న బల్ల మీంచి లేచింది. రెండో సీసా చూపించి, “అయితే దాంట్లో ఉన్నోణ్ణన్నా వదిలెయ్యండి బాబూ. ఊపిరాడదు,” అంది.

ఆయన వాదించలేదు. కిటికీ తెరిచి, సీసా మూతిని పైకి తిప్పారు. తరువాత ఆమెతో, “నాకు తెలిసేదాకా నువ్వు ఒడ్డు దిగకు. నేనే వచ్చి చూస్తుంటాను. తెలిసిన రోజున ముందు నీకే చెబుతాను,” అన్నారు.

“ఒట్టా?”

“ఒట్టు.”

ఆమె వెళ్లాక నాతో అన్నారు: “తెలియదన్నవాడు చేతులు దులుపుకుని ఇంటికి పోకూడదయ్యా.”

అప్పటినుంచి సెలవులొస్తే పడవెక్కేవారు. ఒకసారి నేనూ వెంట వెళ్లాను. ఒడ్డున ఆమె పక్కన కూర్చున్నాం. మడల నడుమ మంట లేచి, మెల్లగా మావైపు కదిలింది. ఆమె కొడుకును పేరుపెట్టి పిలిచింది. మంట ఉన్నచోటే ఆగింది.

“గాలి ఆగిందయ్యా, అందుకే,” అన్నారు మాస్టారు. కాసేపుండి, “అనుకుంటున్నాను,” అన్నారు. మా తలల మీద మడాకులు కదులుతూనే ఉన్నాయి.

“ఏమన్నా తెలిసిందా బాబూ?”

“ఇంకా లేదమ్మా.”

“సరేలెండి. మళ్లీ చూద్దాం.”

ఆమె మళ్లీ ఒడ్డు దిగలేదు. పెద్దవయసులో, తన గుడిసెలో, తన చాప మీదే పోయింది. మాస్టారు వెళ్లడం మానలేదు. ఎందుకండీ అని అడిగితే, “ఆవిడ పోయింది. ప్రశ్న పోలేదుగా,” అన్నారు.

తరగతిలో ఈ బురదగాలి పాఠానికి ఆయనెప్పుడూ రెండు సీసాలు పట్టేవారు. ఒకటి వెలిగించి, రెండోది కిటికీ దగ్గర వదిలేవారు. “మాస్టారు దెయ్యానికి సెలవిస్తున్నారు రోయ్!” అని వెనక బెంచీలు నవ్వితే ఆయనా నవ్వేవారు.

కబురు తెచ్చిన పడవలోనే ఆయన గొడుగూ, నీళ్లకుండలో బోర్లించిన రెండు సీసాలూ వచ్చాయి. నిన్న ఆ పాఠం నేను చెప్పాను. మొదటిది వెలిగించాను. కిటికీ తెరిచి రెండో సీసా తిప్పాను. ఉప్పుబురద వాసన బయటికి పోలేదు. ఆనాడు ఆమె కూర్చున్న బల్ల దగ్గరికి వెళ్లి, అక్కడే నిలిచింది. ఎవరూ నవ్వలేదు.

“ఎందుకు పోవట్లేదండీ?” అన్నాడొక విద్యార్థి.

“బయట గాలి లేదు,” అన్నాను. కాసేపు ఆగి, “అనుకుంటున్నాను,” అన్నాను.

కిటికీ ఇంకా మూయలేదు.