పళ్లచక్రాల మీది రెండు చుక్కలు

మా చిన్నప్పుడు... ఒక ఆదివారం, కారు ఇంజన్‌లో పళ్లచక్రాల మీదుండే చుక్కలు మా నాన్నకి నిజంగా కనపడలేదా? లేక చూసి కూడా చూడనట్టు ఊరుకున్నాడా? ముప్పై ఏళ్లు దాటింది... ఈ ప్రశ్న నన్ను వదల్లేదు.

తిరువూరులో మాకొక పాత అంబాసిడర్ ఉండేది. నాన్న దాన్ని బాడుగకి తిప్పేవాడు. మా ఇల్లు గడిచేది దాని మీదే. ఆ ఎండాకాలం బండి ముందు భాగంలోంచి గలగలమని చప్పుడు మొదలైంది... డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు. టైమింగ్ చైను సాగిపోయిందన్నాడు నాన్న. సైకిల్ చైను లాంటిదే, ఇంజన్ లోపల రెండు పళ్లచక్రాలను కలిపి తిప్పుతుంది.

సరిగ్గా మామిడికాయల రోజులు. రెడ్డిగూడెం తోటలు తిరగడానికి ఒక వ్యాపారి సీజనంతటికీ మా బండినే మాట్లాడుకున్నాడు. "సోమవారం పొద్దున ఆరింటికల్లా బండి మా గుమ్మంలో ఉండాలండి. లేదంటే ఇంకోటి చూసుకుంటా" అని శుక్రవారం చెప్పి వెళ్లాడు. మెకానిక్కేమో వారం ఆగమన్నాడు.

నాన్న ఆగలేదు. శనివారం బస్సెక్కి విజయవాడ వెళ్లి కొత్త చైను తెచ్చాడు. ఆదివారం నేను లేచేసరికే వాకిట్లో బండి బానెట్టు లేచి ఉంది...

బెల్టు, ఫ్యాను, రేడియేటరు ఒక్కొక్కటీ బయటికొచ్చాయి. విప్పిన బోల్టులు కలిసిపోకుండా అమ్మ బియ్యం చెరిగే చేటలో వరసగా పేర్చాడు. అమ్మ చూసి, "రేపట్నుంచి బియ్యంలో రాళ్లకి బదులు నట్లు ఏరుకోవాలి కాబోలు" అంది.

"ఏరితే పారెయ్యకు ఫాతిమా. అన్నీ కావాలి నాకు" అన్నాడు నాన్న, తలెత్తకుండానే.

"విప్పడం ఎవరైనా విప్పుతారు. మళ్లీ బిగించడం వచ్చా మీకు?"

"సాయంత్రానికి తెలుస్తుందిగా."

అప్పుడు నాకు పదేళ్లు. "షమీ, ఇటు రా. నీ తల చిన్నది, ఈ సందులో పడుతుంది" అని పిలిచి, రేడియేటరు తీసిన ఖాళీలోకి వంగి చూడమన్నాడు. పెద్ద చక్రం మీద ఒక చుక్క, కింద చిన్న చక్రం మీద ఒక చుక్క. రెండూ ఎదురెదురుగా ఉండేలా చైను ఎక్కించాలి. ఒక్క పన్ను తేడా వచ్చినా బండి లాగదు. తోటల మట్టిదారిలో, ఆ ఎండలో, వ్యాపారిని కూర్చోబెట్టుకుని ఆగిపోతుంది...

"చుక్కలు ఎదురెదురుగా ఉన్నాయా?"

"ఉన్నాయనుకుంటా నాన్నా."

"అనుకోవడం వద్దమ్మా. ఉన్నాయా, లేవా?"

నాకు మొదట్నుంచీ ఇదే జబ్బు. దేనికీ గట్టిగా అవునని చెప్పలేను. తలుపు గడియ పెట్టానో లేదోనని ఇప్పటికీ మూడుసార్లు లేచి చూస్తాను. "తెలీదు" అన్నాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు... చైనూ పెద్ద చక్రమూ ఊడదీసి, కిరసనాయిలు గుడ్డతో లోపలంతా తుడిచి, మళ్లీ పెట్టాడు. మళ్లీ అదే ప్రశ్న. మళ్లీ నాది అదే జవాబు. మళ్లీ ఊడదీశాడు.

"అది చిన్నపిల్ల. దాని మాట పట్టుకుని పొద్దంతా గడుపుతారా?" అంది అమ్మ, గడపలో నిలబడి.

"దానికి అనుమానం ఉన్నంతసేపు నేను బిగించను" అన్నాడు.

మూడోసారి టార్చిలైటు వేసుకుని చూశాను. చిన్న చక్రం మీది చుక్క గుండ్రంగా లేదు... అంచులు కొరికేసినట్టున్నాయి.

"ఇది చుక్క కాదు నాన్నా. తుప్పు తిన్న గుంటలా ఉంది."

"అయితే ఈ పక్క పన్ను చూడు" అని లోపలికి చెయ్యి పెట్టి వేలితో తాకాడు.

జడలోంచి పిన్ను తీసి అక్కడి మడ్డి గోకాను. సన్నగా, గుండ్రంగా, అసలు చుక్క బయటపడింది. "ఇదే నాన్నా" అన్నాను. అనుకుంటా అనలేదు. తర్వాత యూనివర్సిటీలో ఎన్ని పరీక్షలు రాశానో... ఏ జవాబూ అంత గట్టిగా చెప్పిన గుర్తు లేదు.

ఆ చుక్క ప్రకారం చైను ఎక్కించి, అన్నీ బిగించి, పొద్దు వాలుతుండగా బండి ముందు హ్యాండిల్ పెట్టి తిప్పాడు. నాలుగో తిప్పుకి ఇంజన్ అందుకుంది. గలగల లేదు... మెత్తగా, ఒకే తీరుగా నడిచింది. అమ్మ లోపలికెళ్లి టీ పెట్టింది. సోమవారం ఆరింటికి బండి వ్యాపారి గుమ్మంలో ఉంది. ఆ సీజనంతా ఒక్కరోజూ ఆగలేదు.

ఆ రోజుల్లో నాన్న పేపరు చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చదివేవాడు. కళ్లజోడు మాత్రం కొనుక్కోలేదు. కళ్లజోడు పెట్టుకున్న డ్రైవరంటే బాడుగకి ఎవరూ పిలవరని భయం. ఇప్పుడు నాకు ఆ వయసొచ్చి, సూదిలో దారం ఎక్కనప్పుడల్లా, పాపం కనపడే ఉండదులే అనుకుంటాను. మరి తడుముకోకుండా సరిగ్గా ఆ పన్ను మీదే వేలెలా పెట్టాడు?

రెండుసార్లు అడిగాను. నా పెళ్లికి ముందు అడిగితే, "కనపడలేదమ్మా, ఆ రోజు నీ కళ్లే దిక్కు" అన్నాడు. మా అమ్మాయి పుట్టాక అడిగితే, "నాకు కనపడకపోవడమేంటి, నీ నోటితో చెప్పిద్దామని" అన్నాడు. రెండుసార్లూ నవ్వాడు. మూడోసారి అడుగుదామంటే ఇప్పుడు మనిషి లేడు.

ఇప్పుడు కారులో ఏ చిన్న చప్పుడొచ్చినా షోరూములో అప్పగించి, అద్దాల గదిలో కాఫీ తాగుతూ కూర్చుంటున్నాం. లోపల ఏం చేశారో వాళ్లు చూపించరు, మనమూ అడగం. మా అమ్మాయికి బానెట్టు ఎలా ఎత్తాలో కూడా తెలీదు... మీ చిన్నప్పుడు మీ ఒక్క మాట కోసం చేతిలో పని ఆపుకుని నిలబడిన పెద్దవాళ్లుంటే, వాళ్ల గురించి రాయండి. చదవాలనుంది.

కనపడక నన్ను నమ్మాడా... కనపడీ నా కోసం ఆగాడా... తెలీదు. రెండింట్లో ఏది నిజమైతే నాకు ఎక్కువ సంతోషమో, అదీ ఇప్పటిదాకా తేల్చుకోలేకపోయాను.