ఆరేళ్లకే రిటైరైన జూనీ

మా ఊళ్లో పడక్కుర్చీ కావాలంటే హార్లన్ టిబెట్స్ కొట్టుకే వెళ్లాలి. మీట నొక్కితే కాళ్లు పైకి లేచి, నడుం వెనక్కి వాలే కుర్చీలు. ఒహాయోలో మా చుట్టుపక్కల ఏ ఇంట్లో ఎవరు గుర్రు పెడుతున్నా అది హార్లన్ అమ్మిన కుర్చీలోనే అనుకోవచ్చు. నలభై ఏళ్లుగా జనాన్ని పడుకోబెట్టి బతుకుతున్న ఈ మహానుభావుడు మాత్రం ఒక్కనాడూ పడక్కుర్చీలో కూర్చోలేదు. కొట్లో ఉన్నంతసేపూ నిలబడే ఉంటాడు. మధ్యాహ్నం సాండ్‌విచ్ కూడా నిలబడే తింటాడు. డెబ్బై నాలుగేళ్లొచ్చాయి, మోకాళ్లు కిర్రుమంటున్నాయి, అయినా సరే ససేమిరా కూర్చోడు.

ఎందుకయ్యా అంటే ఆయన చెప్పడు. ఆయన భార్య వెల్మా అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతుంది. "వాళ్ల నాన్న శుక్రవారం రిటైరయ్యాడు. కేకు కోశారు. ఇంటికొచ్చి పడక్కుర్చీలో నడుం వాల్చాడు. ఆదివారానికి పోయాడు. అప్పట్నుంచి ఈయనకి కుర్చీ అన్నా భయమే, రిటైర్మెంటన్నా భయమే. పైకి మాత్రం పెద్ద పులి!"

పాపం, వెల్మా బాధ వెల్మాది. ఇంటి పక్కన రేకుల షెడ్డులో ఒక క్యాంపర్ వ్యాను ఉంది. లోపలే మంచం, పొయ్యి, చిన్న సింకు. మొగుడు రిటైరైతే అందులో ఎక్కి గ్రాండ్ కాన్యన్ లోయ దాకా వెళ్లాలని ఎన్నో ఏళ్ల క్రితం కొనుక్కుంది. ఆ బండి ఇంతవరకు వీధి మలుపు కూడా దాటలేదు.

అలాంటి హార్లన్‌కి ఉన్నట్టుండి రిటైర్మెంటు పిచ్చి పట్టుకుంది. తన కోసం కాదండోయ్, ఆరేళ్ల మనవరాలి కోసం!

పొద్దున్నే కాఫీ హోటల్లో ఎవరో అన్నారు: పిల్లలైనా సరే, సొంత సంపాదన ఉంటే వాళ్ల పేరిట రిటైర్మెంటు ఖాతా తెరవొచ్చట, అరవై ఏళ్లు అలా వదిలేస్తే అది కొండంత అవుతుందట. అంతే, పళ్లెంలో గుడ్లు పళ్లెంలోనే వదిలేసి డోరీన్ దగ్గరికి పరిగెత్తాడు. ఊళ్లో సగం మందికి పన్నుల కాగితాలు నింపిపెట్టేది ఆవిడే.

"మా జూనీకి ఖాతా తెరవాలి డోరీన్."

"జూనీ సంపాదిస్తోందా?"

"పుట్టినరోజుకి నేనిచ్చిన డబ్బులున్నాయిగా."

"అది కానుకండీ, సంపాదన కాదు. నిజంగా పని చెయ్యాలి, దానికి తగ్గ జీతం మీరివ్వాలి. ఆ జీతానికి మించి ఒక్క డాలరు కూడా ఖాతాలో వెయ్యకూడదు."

"నా మోకాళ్లకి మందు రాస్తుంది."

"జీతమేమిస్తారు?"

"ముద్దిస్తాను."

"ముద్దులు ఖాతాలో జమ చెయ్యనివ్వరండీ హార్లన్ గారూ," అంది డోరీన్ కళ్లజోడు తుడుచుకుంటూ.

సరే, పని చూపించాలి. మర్నాడు జూనీని కొట్టుకు పిలిపించి, బల్లకి అటుపక్క కూర్చోబెట్టి, తాను ఇటుపక్క నిలబడి ఇంటర్వ్యూ చేశాడు.

"నీకేం పని వచ్చమ్మా?"

"పళ్లు ఊడబెరుక్కుంటా."

"అది బేరానికి పనికిరాదు. ఇంకా?"

"నిద్రపోతా."

హార్లన్ మొహం వెలిగిపోయింది. "నీ ఉద్యోగం ఖాయం పో!"

ఆ వేసవంతా ఊరి టీవీలో ఒకటే ప్రకటన. హార్లన్ నిలబడి గొంతు చించుకుని ధరలు అరుస్తుంటాడు. పక్కన పడక్కుర్చీలో జూనీ నోరు తెరుచుకుని నిద్రపోతుంటుంది. చివర్లో ఆయన, "నేనింత అరిచినా లేవట్లేదంటే ఈ కుర్చీ ఎలాంటిదో మీరే చూసుకోండి!" అంటాడు. అందులో అబద్ధమేమీ లేదు, ఆ పిల్ల నిజంగానే నిద్రపోయేది. కుర్చీలు బాగానే పోయాయి. జూనీకి జీతం వచ్చింది, ఖాతా తెరిచారు. ముసలాయన ఎదురొచ్చిన ప్రతివాడినీ ఆపి చెప్పుకున్నాడు. చివరికి ఆయన్ని చూస్తే జనం రోడ్డు దాటి అటుపక్కకి పోవడం మొదలెట్టారు.

అంతా బాగానే ఉంది గానీ, అసలు మనిషికి ఎవరూ సరిగ్గా చెప్పలేదు. ఒకరోజు జూనీ అడిగింది: "రిటైర్మెంటంటే ఏంటి అమ్మమ్మా?"

వెల్మా కిటికీలోంచి వ్యాను వంక చూసింది. "పని మానేసి, కేకు కోసి, ఇష్టమొచ్చిన చోటికి వెళ్లిపోవడమే తల్లీ. దానికే కదా ఆ డబ్బు."

పిల్ల ఆలోచించుకుంది. ఇన్నాళ్లూ పని చేసింది. డబ్బూ దాచింది. ఇంకేం మిగిలింది?

సెప్టెంబరులో లేబర్ డే సెలవుల అమ్మకాలంటే హార్లన్‌కి ఏడాది మొత్తానికీ పెద్ద పండగ. దాని ప్రకటన తియ్యడానికి శుక్రవారం కెమెరా అబ్బాయి వచ్చి దీపాలు పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. జూనీ వెల్మా చెయ్యి పట్టుకుని వచ్చింది. ఒంటిమీద గులాబీ రంగు గౌను.

"తాతా, నేను రిటైరయ్యాను."

"ఏమయ్యావూ?"

"రిటైరయ్యాను. ఆదివారం కేకు. అమ్మమ్మ కేకుల కొట్లో చెప్పేసింది."

"ఓసి నీ దుంప తెగ! నీకు ఆరేళ్లే! ముసలిదానివయ్యాక గానీ ఆ డబ్బు తియ్యకూడదే!"

"నాకు డబ్బొద్దు. కేకు చాలు."

"అసలు రిటైరై ఏం చేస్తావు?"

"పడక్కుర్చీలో పడుకుంటా."

"నీ ఉద్యోగం కూడా అదేగా పిచ్చిదానా!"

"అదేలే. కానీ అప్పుడు నువ్వు పక్కన అరవవు."

కెమెరా అబ్బాయికి నవ్వాగలేదు. వెల్మా గుమ్మంలో నిలబడి ఎటో చూస్తోంది. హార్లన్ బతిమాలాడు, చాక్లెట్లన్నాడు, జీతం పెంచుతానన్నాడు. పిల్ల చలించలేదు.

"నువ్వు పడుకో తాతా. నేను అరుస్తా. అరవడం పనేం కాదు, సరదా."

గంటకింత అని డబ్బు తీసుకునే కెమెరా అబ్బాయి గడియారం చూసుకున్నాడు. ఇక దారి లేదు. హార్లన్ వెళ్లి కుర్చీ అంచున, వేడి పెనం మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. జూనీ చటుక్కున మీట నొక్కింది. కాళ్లు లేచాయి, నడుం వాలింది. "ఓయ్!" అన్నాడు. అంతలోనే కళ్లు మూసుకుపోయాయి. నలభై ఏళ్ల అలసట ఒక్కసారి మీద పడింది కాబోలు, కొట్టంతా అదిరేలా గురక!

"మా తాత పడుకున్నాడు!" అని అరిచింది జూనీ కెమెరా వంక చూసి. "కొనండి!"

సాయంత్రం మెలకువొచ్చాక హార్లన్ మొదట అడిగిన మాట, "ఇవాళ ఏ వారం?"

"శుక్రవారం," అంది వెల్మా.

ఆయన వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. శుక్రవారం! కుర్చీ! ఎల్లుండి ఆదివారం కేకు కూడా ఉంది! ఇంకేం కావాలి పోవడానికి?

శనివారమంతా ఆ మనిషి చేసిన హడావిడి చెబితే నవ్వుతారు. గాలపు కర్ర పక్కింటాయనకి ఇచ్చేశాడు. చర్చి పాస్టరుకి ఫోన్ చేసి, "నా సమాధి దగ్గర ప్రసంగం కాస్త పొట్టిగా చెప్పండి, ఎండగా ఉంటుంది," అన్నాడు. నల్ల సూటు ఇస్త్రీ చేయించుకున్నాడు. కారణమడిగిన జూనీకి తన నాన్న సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. "సిగ్గుండాలి, పిల్లని భయపెడతావా!" అని వెల్మా కసిరింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చి కేకు కోశారు. గులాబీ రంగు, మీద జూనీ పేరు. డోరీన్ కూడా వచ్చి రెండు ముక్కలు తింది. హార్లన్ నల్ల సూటులో గోడకి ఆనుకుని నిలబడే ఉన్నాడు. ముందు రెండు రాత్రులూ కంటి మీద కునుకు లేదు. అందరూ వెళ్లాక మోకాళ్లు ఇక మా వల్ల కాదన్నాయి. మూలనున్న పాత పడక్కుర్చీలో, తన నాన్న పోయిన ఆ కుర్చీలోనే, కూలబడిపోయాడు.

కళ్లు తెరిచేసరికి కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది. పక్కన చిన్న స్టూలు మీద జూనీ. ముక్కు మీద కేకు క్రీము. ఒక చెయ్యి ఆయన గుండె మీద ఉంది.

"ఏం చేస్తున్నావే?"

"ష్. కొట్టుకుంటోంది."

"ఎంతసేపట్నుంచి కూర్చున్నావు?"

"కేకు రెండో ముక్క కూడా తినలేదు నేను."

హార్లన్ పర్సు కోసం జేబులు తడుముకున్నాడు. "రిటైరయ్యావుగా, మళ్లీ డ్యూటీలో చేరావా? జీతమెంత? డోరీన్‌తో చెప్పి ఖాతాలో వేయిస్తా."

పిల్లకి ఒళ్లు మండింది. "ఇది పని కాదు తాతా! నువ్వు పోకుండా చూస్తున్నా, అంతే. దీనికి డబ్బులివ్వకూడదు."

కన్నీళ్లు చెవుల్లోకి జారుతుంటే ముసలాయన తుడుచుకోలేదు. తర్వాత వంటింటి వైపు కేకేశాడు.

"వెల్మా! ఆ వ్యాను టైర్లలో గాలుందా?"

లోపల పళ్లేల చప్పుడు ఆగిపోయింది.

"ఉంది," అంది వెల్మా. "వారం వారం కొట్టిస్తూనే ఉన్నాగా."

హార్లన్ లేవబోయాడు. జూనీ ఆయన్ని వెనక్కి నెట్టి, మీట నొక్కి, చెయ్యి మళ్లీ గుండె మీద పెట్టింది.

"కదలకు," అంది. "ఆదివారం ఇంకా అయిపోలేదు."